కత్తెర బాబాయి, కుర్చీ కింద దొర

మా వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా కత్తెర బాబాయి సెలూన్ కనిపిస్తుంది. ఆ గడప నేనెప్పుడూ తొక్కలేదు. అది మగవాళ్ళ దుకాణం. అయినా కూరలు తరుగుతూ, గిన్నెలు తోముతూ ఆ దుకాణంలో జరిగేది నేను చూసినంతగా అందులో కూర్చున్నవాళ్ళు కూడా చూసి ఉండరు. వాళ్ళకి అద్దంలో తమ ముఖం చూసుకోవడానికే తీరిక చాలదు.

దుకాణమంటే ఇంటి ముందు గదే. ఒక కుర్చీ, ఎదురుచూసేవాళ్ళకి ఒక బల్ల, గోడంతా పరుచుకున్న పాత అద్దం. కుర్చీ ఇనుముది. కాళ్ళు పెట్టుకునే పలక దగ్గర రంగు పెచ్చులూడింది. తల ఆనించే దిండుకు మాత్రం ఆయన కూతురు ఏటా కొత్త గుడ్డ కుడుతుంది. అద్దం కింద అరలో కత్తెరలన్నీ ఒకే వైపు తిరిగి పడుకుని ఉంటాయి. ఎవరైనా ఒకటి తీసి అడ్డదిడ్డంగా పెడితే ఆయన ఏమీ అనరు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి సర్దుకుంటారు. ఏమీ అనకపోవడం ఆయన స్వభావం. నేను చెప్పబోయేదంతా ఆ స్వభావం తెచ్చిన తంటా గురించే.

బాబాయికి వాళ్ళ నాన్న దగ్గర నుంచి కత్తెరలతో పాటు ఒక నియమం కూడా వచ్చింది. కుర్చీలో కూర్చున్న మనిషి ఒంటి సంగతి నోటితో అనకూడదు. తలలో పేలుంటే, పని అయ్యాక దువ్వెనను మరిగే నీళ్ళలో పడేయాలి, అంతే. చుండ్రు, కురుపు, నోటి వాసన, వేసిన రంగు కింద నుంచి తొంగిచూసే నెరిసిన వెంట్రుక, ఏది కనబడినా కనబడనట్టే ఉండాలి.

"మెడ తీసి మన చేతిలో పెట్టి కూర్చుంటాడమ్మా మనిషి. అలాంటివాడిని ఇంకా సిగ్గుపెట్టడం ఏం న్యాయం?" అన్నారు నాతో ఒకసారి.

ఆ నియమం విషయంలో ఆయన గీసిన గీత దాటరు. మా వీధిలో రిటైరైన లెక్కల మాష్టారు ఒకరున్నారు. ప్రతి శనివారం వచ్చి గడ్డం గీయించుకుంటారు. ఆయన ఎడమ చెవి వెనక ఒక నల్ల మచ్చ ఉంది. మొదట్లో మెంతిగింజంత ఉండేదట, రానురాను బఠాణీ అంత అయిందట. బాబాయి దాని దగ్గరకు రాగానే కత్తిని పక్కకు తిప్పి, చూసీ చూడనట్టు పని ముగించేవారు. ఇదంతా తర్వాత ఆయన చెబితే తెలిసిందే.

ఈ మర్యాద అంటువ్యాధి లాంటిది. ఆ దుకాణానికి వెళ్ళే మగవాళ్ళందరికీ అబ్బింది. అక్కడ వానల గురించి, ఆటల గురించి, ఇంటి అద్దెల గురించి నోరు నొప్పెట్టేదాకా మాట్లాడతారు కానీ, ఎవరి ఒంటి ఊసూ ఎవరూ ఎత్తరు. బయట నోటికి అడ్డూ అదుపూ లేని మా ఆయన కూడా ఆ కుర్చీ ఎక్కితే బుద్ధిమంతులైపోతారు. ఆ కుర్చీని మా ఇంటికి తెచ్చుకుంటే ఎలా ఉంటుందా అని ఆలోచించిన రోజులున్నాయి.

ఇక దొర. దొర అంటే కుక్క. బాబాయి వాళ్ళ మేడ మీద అద్దెకున్నవాళ్ళు ఇల్లు మారుతూ, కొత్త ఇంట్లో కుక్కను ఉంచనివ్వరని దాన్ని వదిలేసి పోయారు. పొట్టి కాళ్ళు, పొడవాటి ఒళ్ళు, నేలను రాసుకుంటూ పోయే పొట్ట. అది నడుస్తుంటే ఎవరో చిన్న బల్లను తోసుకెళుతున్నట్టు ఉంటుంది. బాబాయి భార్య పోయి చాలాకాలమైంది. కూతురు పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా తండ్రి దగ్గరే ఉండిపోయింది. పగలంతా ఆమె కళ్ళద్దాల దుకాణంలో పనికి వెళుతుంది. ఇంట్లో మూడో మనిషి లేని లోటు ఉందేమో, దొర వచ్చి కుర్చీ కింద పడుకున్న రోజే ఆ ఇంటిదైపోయింది. ఆదివారం ఆదివారం దానికి స్నానం, పొడి తువ్వాలు, మెడకు పౌడరు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ దానికో బిస్కెట్టు పడేసేవాడు. మా వీధిలో దొరంత శుభ్రమైన ప్రాణి లేదని పేరు. ఆ మాటతో మా ఆయన్ని ఎన్నిసార్లు దెప్పానో లెక్కలేదు.

దొర రాకముందే బాబాయికి ఒక గట్టి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ, పోతూపోతూ ముక్కును పనికిరాకుండా చేసి పోయింది. సబ్బయినా, సెంటయినా, మాడిన అన్నమైనా ఆయన ముక్కుకు ఒకటే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, కూతురికి కూడా. ఒంటి సంగతి ఇతరులది ఎత్తడమే కాదు, తనది చెప్పుకోవడం కూడా ఆయనకు చేతకాదు.

దొర వచ్చిన కొన్నాళ్ళకే కూతురు తండ్రికి శ్రమ తగ్గుతుందని జుట్టు కత్తిరించే కరెంటు మిషను కొనిచ్చింది. అది గుర్రుమనగానే దొరకు పై ప్రాణాలు పైనే పోయేవి. కుర్చీ కింద నుంచి లేచి, తోక కాళ్ళ మధ్య దోపుకుని, వెనక గదిలో బాబాయి పక్క మీదికి పరుగు. అది అటు వెళ్ళగానే ఇటు కుర్చీ దగ్గర ఒక వాసన గుప్పుమనేది, మిషను ఆగాక కూడా పోయేది కాదు. అది కుక్క వాసన కాదు. తడిసిన కుక్క వాసన ఎవరికి తెలియదు? ఇది చేపలు కుళ్ళిన నీళ్ళలో తుప్పు పట్టిన మేకులు నానబెట్టినట్టు ఉండేదని మా ఆయన చెప్పారు. ఆ క్షణాన అక్కడ ఉండేది ఇద్దరే. కూర్చున్నవాడు, వాడి మీదకు వంగి నిలబడ్డ బాబాయి. కూర్చున్నవాడికి అది తనది కాదని తెలుసు. ఇక మిగిలింది ఎవరు?

ఒకరోజు మా ఆయన కటింగు చేయించుకుని వచ్చి, స్నానం చేసి, తల తుడుచుకుంటూ అన్నారు, "బాబాయి మరీ ముసలైపోయారే."

"వయసు ఎవరి కోసం ఆగుతుంది?"

"అది కాదు. దగ్గరకొస్తే వాసన. ఊపిరాడటం లేదు. పాపం, ఆయనకి తెలియదనుకుంటా."

"తెలియకపోతే చెప్పండి."

"ఎలా చెప్పమంటావు? మతి ఉండే మాట్లాడుతున్నావా? ఇన్నేళ్ళలో నా చుండ్రు గురించి ఆయన ఒక్క మాట అన్నారా?"

"ఆయన అనకపోతేనేం, నేను రోజూ అంటున్నాగా" అన్నాను. మాట అక్కడితో ఆగిపోయింది.

బాబాయికి తెలియదని అందరూ అనుకున్నారు. అక్కడే పప్పులో కాలేశారు. ఆయనకు ముక్కు పోయింది కానీ వేళ్ళు పోలేదు. గొంతు మీద కత్తి నడిపేవాడికి ఎదుటి మనిషి ఊపిరి వేళ్ళ కిందే తెలుస్తుంది. ఊపిరి బిగబడితే గొంతు బిర్రబిగుస్తుంది, చర్మం కదలడం మానేస్తుంది. తన చేయి వణుకుతోందేమో, జనం భయపడుతున్నారేమో అని మొదట అనుకున్నారట. చేయి చాచి చూసుకుంటే వణుకు లేదు. అప్పుడు అద్దంలో చూశారు. బాబాయి ఎప్పుడూ మనుషుల్ని అద్దంలోనే చూస్తారు. మాట్లాడటం కూడా అద్దంలోని ముఖంతోనే. ఆ అద్దంలో ఒకడి ముక్కుపుటాలు ముడుచుకుని కనిపించాయి. ఇంకొకడు తుమ్ము వచ్చినట్టు నటించి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. మరొకడు ఉక్కగా ఉంది, తలుపు తీయమన్నాడు. బయట చలిగాలి వీస్తోంది.

ఇంట్లో సబ్బు మారేదాకా ఆయన దాన్ని తన అనుమానమనే సరిపెట్టుకున్నారు. ఒకరోజు స్నానాలగదిలో పాత సబ్బు పోయి ఘాటైన కొత్త సబ్బు వచ్చింది. ఆ తర్వాత కొత్త బనియన్లు వచ్చాయి. ఆయన పక్కదుప్పట్లు అస్తమానూ తీగ మీద ఆరుతూ కనిపించేవి. కూతురు ఒక్క మాట అనలేదు. తండ్రి ఒక్క మాట అడగలేదు. ఇద్దరూ కలిసి భోంచేసేవాళ్ళు, కుర్చీ మాత్రం ఆయన కాస్త దూరంగా జరుపుకునేవారు.

ఆయన అంత తేలిగ్గా నమ్మేయడానికి ఒక కారణముంది. వాళ్ళ నాన్న మంచం పట్టిన చివరి రోజుల్లో ఆయన ఒంటి నుంచి ఒక వాసన వచ్చేదట. ఎంత కడిగినా పోయేది కాదట. అప్పటికి ఇంకా కుర్రాడైన బాబాయి గుమ్మం బయటే గట్టిగా ఊపిరి పీల్చుకుని, బిగబట్టి లోపలికి వెళ్ళేవారు. "ఆయన చూసే ఉంటారమ్మా. ఆయనా కత్తి పట్టిన మనిషే, నా గొంతు చూసి తెలుసుకోకుండా ఉంటారా?" అని చాలా రోజుల తర్వాత నాతో చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇప్పుడు తనకూ ఆ గడియ వచ్చిందనుకున్నారు. చావు వాసన తనకు తప్ప అందరికీ తెలుస్తోందనుకున్నారు.

అప్పటినుంచి రోజుకు మూడు పూటలా వాళ్ళ పెరట్లో నీళ్ళ చప్పుడు. ఉల్లి మానేశారు, వెల్లుల్లి మానేశారు. గడ్డం గీశాక బుగ్గలకు రాసే సెంటును మెడకు, చంకలకు, చొక్కా లోపలికి పూసుకోవడం మొదలుపెట్టారు. ఆ సెంటూ ఈ వాసనా కలిసి మరీ అన్యాయంగా తయారైందని మా ఆయన చెప్పారు. ఇక కటింగు చూడాలి. వేడి గిన్నె దింపేవాళ్ళలా చేతులు చాచి, ఒళ్ళు వెనక్కి వంచి దూరం నుంచి కత్తిరించేవారు. అలా కత్తిరిస్తే ఏం బాగుంటుంది? మా ఆయన తల ఒక పక్క మెట్లు మెట్లుగా తేలింది. ఆయన పక్క వీధిలో ఏసీ సెలూన్‌కు మారిపోయారు. ఒకరి వెనక ఒకరు అందరూ అటే జారుకున్నారు. చివరికి మిగిలింది లెక్కల మాష్టారు ఒక్కరే. ఆయన శనివారం వచ్చి, కుర్చీ ఎక్కి, ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకునేవారు.

కొన్నాళ్ళకు బాబాయి నెలాఖరుకు దుకాణం మూసేస్తున్నానని చెప్పారు. కళ్ళు ఆనడం లేదన్నారు. ఎవరూ వద్దనలేదు. అదీ మర్యాదేనట. పాత ఇనుము కొనేవాడు వచ్చి కుర్చీని అటూ ఇటూ తిప్పి చూసి పోయాడు.

కళ్ళ మాట విని కూతురు తన పనిచోటు నుంచి అక్షరాల అట్ట తెచ్చింది. తండ్రిని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి, కుర్చీని వెనక్కి తిప్పి, అట్టను అద్దానికి ఎదురు గోడకు తగిలించి చదవమంది. అట్టడుగు వరసలో చీమ తలకాయలంత అక్షరాలు కూడా ఆయన గడగడా చదివేశారు. చదివాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదట.

"చేతులు కూడా లాగుతున్నాయిలేమ్మా" అన్నారాయన.

"సరే నాన్నా" అని ఆమె అట్ట తీసేసింది.

ఈ వయసులో దుకాణం మూస్తే మునిగిందేముంది, హాయిగా కూర్చోవచ్చు కదా అని మా ఆయనలాంటివాళ్ళు అంటారు. నాకు ఒళ్ళు మండేది. భార్య పోయాక ఆయన చేతులు ఇంకో మనిషిని తాకేది ఆ కుర్చీ దగ్గరే. ఒకరి గడ్డం పట్టుకుని పైకెత్తడం, ఒకరి తలను అరచేత్తో ఇటు తిప్పడం. అది కూడా పోతే ఆ మనిషికి ఇక మిగిలేది గోడలు. ఆయన దాన్ని వదులుకుంటున్నది అలసిపోయి కాదు, తను దగ్గరకు రాదగని మనిషినని నమ్మి. 

ఈలోగా దొర కొత్త విద్య నేర్చింది. వెనక కాళ్ళు ముందుకు చాపి, పిర్రలు నేలకు ఆనించి, ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూ గదంతా తిరగడం. చూసినవాళ్ళు దొరగారు నేల తుడుస్తున్నారని నవ్వారు. కూతురు కడుపులో పురుగులేమోనని బిళ్ళ వేసింది. తగ్గకపోతే ఇంకో బిళ్ళ వేసింది. తోక కింద నాక్కోవడం ఎక్కువైంది. పడుకున్నది ఉన్నట్టుండి ఉలిక్కిపడి, ఎవరో పిలిచినట్టు తన వెనక్కే చూసుకునేది. ఒకరోజు తోక కింద ఒక పక్క వాచి, ఎర్రబడి, రక్తపు చుక్క కనిపించింది.

తన సంగతి పెదవి దాటనివ్వని మనిషి కుక్క కోసం రోడ్డు దాటి మా గుమ్మంలోకి వచ్చారు. లోపలికి రాకుండా మెట్టు కిందే నిలబడ్డారు.

"అమ్మా, దొరను డాక్టరుకు చూపించాలి. అమ్మాయి ఒక్కతే మోయలేదు, కాస్త తోడు వెళతావా? నేను రాను. ఇరుకు గది, నలుగురు కూర్చునే చోటు. నేనెందుకు?"

ఆ 'నేనెందుకు'తో నాకు తెలిసిపోయింది, ఆయనకు అంతా తెలుసని. ఏదో అందామని నోరు తెరిచేలోపే ఆయన వెనక్కి తిరిగారు.

దొరను తువ్వాలులో చుట్టి ఇద్దరం చెరో పక్కా పట్టుకుని నడిచి వెళ్ళాం. పశువుల డాక్టరు పొడుగ్గా, చిరాకు ముఖంతో ఉండే మనిషి. తోక ఎత్తి చూసి, "ఇంట్లో వాసన వస్తోందా?" అని అడిగారు.

కూతురు తల దించుకుంది. "కుక్కకేం లేదండీ. వారం వారం స్నానం చేయిస్తాం."

"స్నానానికి పోయేది కాదమ్మా ఇది. తల గట్టిగా పట్టుకోండి."

ఆయన చేతులకు తొడుగులు వేసుకుని, తోక కింద దూది అడ్డం పెట్టి, వాపు లేని పక్క వేళ్ళతో నొక్కారు. దొర కెవ్వుమంది. గోధుమరంగు ముద్ద దూదిలోకి వచ్చింది. గది గుప్పుమంది. నేను కిటికీ దగ్గరకు పరుగెత్తాను. కూతురు కదల్లేదు. ఆ దూది వంక గుడ్లప్పగించి చూస్తోంది.

"ఇది నాన్న వాసన" అంది.

"ఏంటమ్మా?" అన్నారు డాక్టరు.

"మా నాన్న దగ్గర వచ్చే వాసనండీ. ఇన్నాళ్ళూ ఆయనదే అనుకున్నాం" అని, కుక్క తల వదలకుండానే ఏడ్చేసింది. నాకు ముందు నవ్వొచ్చింది. ఆమె ముఖం చూశాక ఆ నవ్వు గొంతులోనే ఉండిపోయింది.

డాక్టరు పుండు పడిన పక్కను కడిగి మందు వేస్తూ చెప్పుకొచ్చారు. కుక్కలకు మలం పోయే దారికి రెండు వైపులా రెండు చిన్న తిత్తులుంటాయట. వాటిలో ఊరే ద్రవం మలం పోయేటప్పుడు ఆ ఒత్తిడికి కొంచెం కొంచెంగా బయటికి పోవాలి. బిస్కెట్లు తిని, పొట్ట పెంచి, మలం గట్టిగా పోకపోతే ఆ తిత్తులు ఖాళీ కావు. నిండి, చిక్కబడి, దురద పెడతాయి. ఇంకా వదిలేస్తే పుండవుతాయి. భయం వేస్తే ఉన్నదంతా ఒక్కసారిగా చిమ్ముతాయి.

"దేనికైనా భయపడుతుందా ఇది?" అన్నారు.

"కరెంటు మిషనుకి" అన్నాను నేను. కూతురు కళ్ళు మూసుకుంది. కొనిచ్చింది తనే కదా.

బిస్కెట్లు పూర్తిగా ఆపాలన్నారు, ఒళ్ళు తగ్గాలన్నారు, అన్నంలో ఉడకబెట్టిన గుమ్మడికాయ కలపమన్నారు. "మళ్ళీ మళ్ళీ వచ్చేదే ఇది. ఇక రాదని నేను చెప్పను. మళ్ళీ ఈడ్చుకుంటూ తిరిగితే ఖాళీ చేయాలి. వాపు గానీ రక్తం గానీ ఉంటే చేయి పెట్టకుండా నా దగ్గరకు తీసుకురండి. ఊరికే వారం వారం నొక్కకండి, అవసరం లేకుండా నొక్కితే అదే వాపు తెస్తుంది" అని, ఎక్కడ ఎలా పట్టుకోవాలో చేసి చూపించారు. గడియారంలో నాలుగూ ఎనిమిదీ ఉండే చోట్లట. కూతురు చేయి పెట్టబోయి, నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది.

దారిలో ఆమె, "నాన్నకి ఎలా చెప్పను అక్కా? కుక్కదని చెబితే, ఇన్నాళ్ళూ నీదనుకున్నామని చెప్పినట్టే కదా" అంది.

"అనుకున్నారు కదా మరి."

"వద్దు. కుక్కకి తగ్గితే వాసన పోతుంది. వాసన పోతే మనుషులు వస్తారు. ఆయనకే తెలుస్తుంది."

నాకూ సబబే అనిపించింది. ఆయన ముక్కు సంగతి అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

పుండు మానింది, వాసన పోయింది. బాబాయికి మాత్రం ఏమీ తెలియలేదు. నీళ్ళ చప్పుడు ఆగలేదు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే ఉన్నారు, వాళ్ళకెవరు చెబుతారు? వచ్చే ఒక్క మాష్టారు అలవాటు కొద్దీ కుర్చీ ఎక్కగానే ఊపిరి బిగబట్టేవారు. బాబాయి అద్దంలో ఆ ముఖం చూసేవారు. నెలాఖరు దగ్గరకొచ్చింది. ఇనుము వాడు బండి ఎప్పుడు తేవాలని అడిగి వెళ్ళాడు.

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అని కూతుర్ని నిలదీశాను. ఆమె ఇవాళ, రేపు అంటూ నీళ్ళు నమిలింది.

ఆ ఆదివారం దొర మళ్ళీ నేల తుడవడం మొదలుపెట్టింది. వాపు లేదు, రక్తం లేదు. కూతురు తండ్రిని పెరట్లోకి పిలిచింది. నేను చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను.

"నాన్నా, నా చేతికి ధైర్యం చాలడం లేదు. నేను తల పట్టుకుంటాను, నువ్వు నొక్కు" అని, డాక్టరు చూపించిన పద్ధతి చెప్పింది.

ఆయన తొడుగులు వేసుకున్నారు. ఎన్ని మెడలు తిప్పిన చేతులో అవి. రెండు వేళ్ళతో నెమ్మదిగా తడిమి, "ఇదేనా" అని తనలో తను అనుకుని, కింద నుంచి పైకి ఒత్తారు. దొర కిక్కురుమనలేదు. దూది నిండింది. నేను చెంబు కింద పెట్టి ముక్కు మూసుకున్నాను. కూతురు కుక్క తలను వదలలేదు కాబట్టి ముక్కు మూసుకోలేకపోయింది. ఊపిరి బిగబట్టింది. ముక్కుపుటాలు ముడుచుకున్నాయి, గొంతు బిగుసుకుంది.

బాబాయి ఆమెనే చూస్తున్నారు. పెరట్లో అద్దం లేదు. ఆయన ఆ ముఖాన్ని నేరుగా చూశారు, గుర్తుపట్టారు. ఇన్నాళ్ళుగా అద్దంలో అందరి మీదా చూస్తున్న ముఖం అదే.

దూదిని తన ముక్కు దగ్గరకు తీసుకెళ్ళి గట్టిగా పీల్చారు.  ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు.

"దీనికి వాసన ఉందా?" అని అడిగారు.

 "నీకు రావడం లేదా నాన్నా?"

"ఆ జ్వరం వచ్చినప్పటి నుంచి ఏదీ రాదు." దూదిని నేల మీద పెట్టారు. "సబ్బు మార్చింది దీనికేనా?"

ఆమె తల ఊపింది.

"దుప్పట్లు?"

"దానికే నాన్నా."

ఆయన తొడుగులు తీసి, చాలాసేపు చేతులు కడుక్కున్నారు. బరువు దిగి నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కూతురి వైపు తిరిగారు. అన్నేళ్ళలో ఆయనకు కోపం రావడం నేను చూసింది అదొక్కసారే.

"ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నువ్వు నా కూతురివి, నువ్వైనా అడగొచ్చుగా. నాన్నా, నీ దగ్గర వాసన వస్తోంది, ఏంటది, అని. నేను లోపల కుళ్ళిపోతున్నాననుకున్నాను. రోజూ పొద్దున లేచి, ఇవాళ ఇంకెంత కుళ్ళానో అనుకున్నాను."

కూతురు ఏడుస్తూనే జవాబు చెప్పింది. "నువ్వు నేర్పిందే కదా నాన్నా. ఒంటి సంగతి నోటితో అనకూడదని."

ఆయన బట్టలుతికే బండ మీద కూర్చుండిపోయారు. తేలికపడిన దొర ఏమీ ఎరగనట్టు వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడుకుంది. ఎదుటివాడిని సిగ్గుపెట్టకూడదన్నది మంచి మాటే. కానీ ఆ మంచిమాటే ఒక మనిషిని బతికుండగానే పాడె ఎక్కించబోయింది. ఎవరి తప్పని అడిగితే నేను కూడా చెప్పలేను. అందరూ ఆయన మీద గౌరవంతోనే చేశారు.

మర్నాడు ఇనుము వాడు బండితో వచ్చి ఖాళీ బండితో వెళ్ళాడు. మిగతా పని నేను చూసుకున్నాను. నేను నోరు కట్టుకునే మనిషిని కాదు. సాయంత్రానికల్లా వీధి వీధంతా తెలిసింది. ముందుగా మా ఆయనే వెళ్ళారు, ఏసీ సెలూన్ వాడు కూడా సరిచేయలేని మెట్ల తలతో. బాబాయి కరెంటు మిషను అటక మీద పెట్టేసి కత్తెర తీశారు. ఆ రోజు నుంచి ఆ దుకాణంలో కొత్త ఆచారం మొదలైంది. ఎవరికి వాసన తగిలినా, "బాబాయ్, దొర" అని కేకేస్తారు. ఆయన సరేనని, కత్తెర కింద పెట్టి, దొరను చంకనెత్తుకుని పెరట్లోకి వెళతారు. వాసన తెలియని ముక్కు, వణకని చేతులు, ఆ పనికి అంతకంటే తగిన మనిషి దొరకడని డాక్టరు కూడా అన్నారట. బిస్కెట్ల డబ్బా మా ఇంటికి చేరింది. మా ఆయన పొట్ట ఇప్పుడు దొర పొట్టతో పోటీ పడుతోంది.

ఆ శనివారం మాష్టారు వచ్చారు. మా ఆయన బల్ల మీద కూర్చుని ఉన్నారు, నేను కిటికీలో ఉన్నాను. తలుపు బార్లా తీసి ఉంది, ప్రతి మాటా వినిపిస్తోంది. కుడి బుగ్గ అయింది. బాబాయి ఎడమ వైపుకు వచ్చారు. చెవి దగ్గర కత్తి ఆగిపోయింది. అలా ఆగడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన అద్దంలోకి చూడలేదు. కుర్చీ చుట్టూ తిరిగి మాష్టారికి ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"మాష్టారూ, మీ చెవి వెనక ఒక మచ్చ ఉంది. అది పెరుగుతోంది. చాలాకాలంగా చూస్తున్నాను. ఈ మధ్య అంచులు కూడా మారాయి. డాక్టరుకు చూపించండి."

 మాష్టారి చేయి మెల్లగా చెవి వెనక్కి పోయింది.

"నాకు తెలుసోయ్" అన్నారు. "వేలికి తగులుతూనే ఉంది. కానీ నా చెవి వెనక నాకు కనబడదు కదా. నీకు కనబడుతుంది. వారం వారం చూస్తున్నావు. నువ్వేమీ అనలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాను."

బాబాయి కత్తి మడిచి అరలో పెట్టారు, ఏ వైపు తిరిగి ఉందో కూడా చూడలేదు. మాష్టారి మెడ చుట్టూ ఉన్న గుడ్డ విప్పారు.

"లేవండి. ఇప్పుడే వెళదాం."

"సగం గడ్డంతోనా?"

"సగం గడ్డంతోనే."

మా ఆయన్నీ, దొరనీ దుకాణానికి కాపలా పెట్టి ఇద్దరూ వీధిలోకి వచ్చారు. మాష్టారి ఎడమ బుగ్గ మీద నురగ అలాగే ఉంది. బాబాయి ఆయన చేయి తన చంకలోకి తీసుకుని, భుజానికి భుజం ఆనించుకుని నడుస్తున్నారు. మలుపు తిరిగేదాకా నేను కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.